పదిహేను నిమిషాలు, ఏ నేల మీద?

1972 నవంబరు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం, పియోరియా నగరంలో డెట్‌వైలర్ పార్కు. రాష్ట్ర హైస్కూళ్ల క్రాస్ కంట్రీ పోటీలో క్రెయిగ్ వర్జిన్ అనే కుర్రాడు 3 మైళ్ల దూరాన్ని 13 నిమిషాల 50.6 సెకన్లలో ముగించాడు. మైలుకు సుమారు 4 నిమిషాల 37 సెకన్ల లెక్కన. ఆ తర్వాత ఏటా రాష్ట్రం నలుమూలల నుంచి మెరికల్లాంటి పిల్లలు అదే పార్కుకు వచ్చారు, అదే గడ్డి మీద అదే 3 మైళ్లూ పరుగెత్తారు. ఒక్కరూ ఆ సమయాన్ని అందుకోలేకపోయారు. 47 ఏళ్లు గడిచాక, 2019లో జాష్ మెథ్నర్ ఆ రికార్డును చెరిపేశాడు. అదీ ఒక సెకను కూడా నిండని తేడాతో.

వర్జిన్ ఆషామాషీ రన్నర్ కాదు. 1980లోనూ 1981లోనూ వరసగా ప్రపంచ క్రాస్ కంట్రీ చాంపియన్ అయినవాడు. కాబట్టి ఆ రికార్డు అన్నేళ్లు నిలిచిందంటే వింతేమీ లేదు. నన్ను పట్టి నిలిపేది వేరే సంగతి. దాదాపు అర్ధశతాబ్దం ఎడంతో పరుగెత్తిన ఇద్దరు కుర్రాళ్లను ఈరోజు పక్కపక్కన నిలబెట్టి చూడగలుగుతున్నామంటే, వాళ్ల కాళ్ల కింద నేల ఒకటే కాబట్టి. డెట్‌వైలర్ చదునైన బాట, వేగానికి పేరున్న బాట. అదే మెథ్నర్‌ను న్యూజెర్సీలోని హోమ్‌డెల్ పార్కుకో, మేరీలాండ్‌లోని హెరిఫర్డ్‌కో తీసుకెళ్లి పరుగెత్తించి ఉంటే, గడియారం చూపించే అంకెకు వర్జిన్ గురించి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

క్రాస్ కంట్రీ అంటే స్టేడియంలో ఎర్రటి ట్రాక్ మీద గుండ్రంగా తిరిగే పరుగు కాదు. పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో, కాలేజీ ఆవరణల వెనక గుట్టల మీద, గడ్డిలో, మట్టిలో, ఒక్కోసారి బురదలో సాగే పరుగు. అమెరికా హైస్కూళ్లలో ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా దీని సీజన్. దూరం ఎక్కువ చోట్ల 5 కిలోమీటర్లు. జట్టుకు ఏడుగురు పరుగెత్తుతారు, మొదటి ఐదుగురి స్థానాలను కూడతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లది గెలుపు. ఒకే జట్టు పిల్లలు మొదటి ఐదు స్థానాలూ పట్టుకుపోతే 15 పాయింట్లు, అంతకన్నా మంచి స్కోరు ఉండదు. గమనించండి, ఈ లెక్కలో గడియారానికి చోటే లేదు. ఎవరి ముందు ఎవరు వచ్చారన్నదే ప్రశ్న.

అయినా ఇంటికి చేరేది సమయమే. ఎడిసన్‌లోనో, ఫ్రీమాంట్‌లోనో, ఫ్రిస్కోలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ జట్లలో ఉంటున్నారు. శనివారం మధ్యాహ్నం ఫలితాలు ఫోనులోకి వస్తాయి. "పోయిన వారం కన్నా 50 సెకన్లు ఎక్కువ పట్టిందేంరా?" అని తండ్రి అడుగుతాడు. "అక్కడ గుట్టలు నాన్నా" అంటాడు కొడుకు. తండ్రికది సాకులా వినిపిస్తుంది. సాకు కాదు. ఆ 50 సెకన్లు ఎక్కడికి పోయాయో దాదాపు పైసాతో సహా లెక్క చెప్పవచ్చు.

ముందు అందరికన్నా సులువైన దొంగను పట్టుకుందాం: దూరం. ఇల్లినాయి పిల్లలు పరుగెత్తే 3 మైళ్లంటే 4,828 మీటర్లు. 5 కిలోమీటర్లకు 172 మీటర్లు తక్కువ. కిలోమీటరును 3 నిమిషాల్లో దాటే రన్నర్‌కు ఆ ముక్క ఒక్కటే 31 సెకన్ల పని. న్యూయార్క్ నగరంలో వాన్ కార్ట్‌లాండ్ పార్కులో హైస్కూలు దూరం రెండున్నర మైళ్లే. కాలిఫోర్నియాలో బే ఏరియా పిల్లలు ఏటా వెళ్లే క్రిస్టల్ స్ప్రింగ్స్ బాట 2.95 మైళ్లు. లాస్ ఏంజెలెస్ దగ్గర వాల్‌నట్‌లోని మౌంట్ శాక్ కాలేజీ పాత బాట 2.93 మైళ్లు. ఇవేవీ దాచిన సంగతులు కావు, ఆ ప్రాంతంలో కోచ్‌లందరికీ కంఠతా వచ్చు. ఇబ్బందల్లా "5కె" అని బోర్డు పెట్టి, చక్రంతో గబగబా కొలిచి, మలుపుల దగ్గర జెండా కర్రలు కాస్త లోపలికి పాతేసిన చోట్లతోనే. రోడ్డు పరుగులకు ఉన్నంత పట్టింపు కొలత ఇక్కడ చాలాచోట్ల ఉండదు. మణికట్టు మీద జీపీఎస్ వాచీ చూపించే దూరాన్ని నమ్ముకోవడమూ కుదరదు. చెట్ల కింద, మెలికల్లో అది దారిని తనకు తోచినట్టు కలిపేసుకుంటుంది.

దూరం సరిచేశాక మిగిలేది నేల. నేలలో మొదటిది వాలు, అసలు రసమంతా ఇక్కడే ఉంది.

చాలామంది నమ్మకం ఏమిటంటే, బయల్దేరిన చోటికే తిరిగి వచ్చే దారిలో ఎక్కినంతా దిగుతాం కాబట్టి చెల్లుకు చెల్లు. ఇది ఎందుకు నిజం కాదో చెప్పడానికి ఇటలీకి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన కొలతలు ఉన్నాయి. కొండల మీద పరుగు పందేల్లో ఆరితేరిన మగవాళ్లను ట్రెడ్‌మిల్ మీద రకరకాల వాలుల్లో, ఎక్కుతూనూ దిగుతూనూ పరుగెత్తించి, ఒక్కో మీటరుకు వాళ్ల ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ఆక్సిజన్ వాడకం ద్వారా లెక్కగట్టారు. ఆ కొలతల నుంచి తీసిన సూత్రం ప్రకారం, 10 శాతం ఎత్తు, అంటే 100 మీటర్లు ముందుకు పోతే 10 మీటర్లు పైకి లేచే వాలు ఎక్కేటప్పుడు, చదును నేల మీదకన్నా సుమారు 1.66 రెట్లు శక్తి కావాలి. అదే వాలు దిగేటప్పుడు 0.6 రెట్లు చాలు. సగటు తీయండి: 1.13. ఎక్కడంలో పోయింది దిగడంలో పూర్తిగా తిరిగి రాలేదు. 13 శాతం గుట్టే ఉంచేసుకుంది.

దీన్ని సెకన్లలోకి మార్చి చూద్దాం. మన కుర్రాడు చదును మీద కిలోమీటరు 180 సెకన్లలో పోతాడు, అంటే 5 కిలోమీటర్లకు సరిగ్గా 15 నిమిషాలు. ఇప్పుడు ఒక కిలోమీటరు ముక్కలో సగం 10 శాతం ఎక్కుడు, సగం అంతే దిగుడు అనుకుందాం. శ్రమ మారకుండా ఉంటే ఎక్కే 500 మీటర్లకు 149 సెకన్లు. దిగే 500 మీటర్లకు 54 సెకన్లు. మొత్తం 203. చదునుకన్నా 23 సెకన్లు ఎక్కువ.

ఆ 54 దగ్గర కాసేపు ఆగండి. 500 మీటర్లు 54 సెకన్లలో అంటే 100 మీటర్లకు 11 సెకన్లయినా పట్టకూడదు. 400 మీటర్ల ప్రపంచ రికార్డు 43.03 సెకన్లు, దాని వేగం దీనికన్నా ఏమంత ఎక్కువ కాదు. 17 ఏళ్ల కుర్రాడు, అప్పుడే గుట్ట ఎక్కి రొప్పుతున్నవాడు, ఎగుడుదిగుడు గడ్డి మీద ఆ వేగంతో దిగగలడా? ఊపిరితిత్తులు ఒప్పుకోవచ్చు, కాళ్లు ఒప్పుకోవు. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువును ఆపాలి. అవి బ్రేకులుగా పనిచేస్తాయి, ఆ పనిలోనే దెబ్బతింటాయి. మర్నాడు మెట్లు దిగుతుంటే తెలిసే నొప్పి దీనిదే. కాబట్టి కుర్రాడు ఆ దిగుడును 75 సెకన్లలో దిగాడనుకుందాం, అదీ ధైర్యవంతుడి లెక్క. మొత్తం 224 అయింది. ఒక్క కిలోమీటరులో 44 సెకన్లు మాయం. తండ్రి అడిగిన 50 సెకన్లలో చాలా వంతు ఇక్కడే దొరికిపోయింది.

ఇంకో సంగతి ఈ సూత్రంలోనే దాగి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎక్కుడు, దిగుడు కలిపి పోయే నష్టం వాలుతో పాటు సమానంగా పెరగదు, ఉరామరిగా వాలు వర్గంతో పెరుగుతుంది. అంతే దూరంలో వాలు రెట్టింపైతే నష్టం నాలుగింతలు. అందుకే మొత్తం ఎక్కిన ఎత్తు ఎంత అని అడిగితే చాలదు. రెండు బాటలున్నాయి, రెండింటిలోనూ ఎక్కుడు 50 మీటర్లే. మొదటిదాంట్లో ఆ 50 మీటర్లూ 3 శాతం వాలులో తాపీగా పరచుకుని ఉన్నాయి. మన 15 నిమిషాల కుర్రాడికి ఎక్కుడూ దిగుడూ కలిసి 7 సెకన్ల నష్టం. రెండోదాంట్లో అదే 50 మీటర్లు 10 శాతం గుట్టగా లేచాయి. నష్టం 23 సెకన్లు, దిగేటప్పటి బ్రేకుల లెక్క వేయకముందే. మొదటి బాట చూడ్డానికి అలలు అలలుగా, కష్టంగా కనిపిస్తుంది. రెండోది ఒక్క గుట్ట తప్ప అంతా చదునే. కానీ పిల్లల్ని నెమ్మదింపజేసేది రెండోదే.

హెరిఫర్డ్ హైస్కూలు వెనకనున్న బాట మేరీలాండ్‌లో ఎందుకంత పేరు మోసిందో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ "డిప్" అని పిలిచే లోయ ఉంది. నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది, అడుగున పాదం మోపీ మోపగానే అంతే నిటారుగా పైకి లేస్తుంది. పిల్లలు దాన్ని ఒకే పోటీలో రెండుసార్లు దాటాలి. రెండోసారి వచ్చేసరికి తొడలు సగం ఖాళీ. దిగేటప్పుడు చేతులు రెక్కల్లా చాపి నిలదొక్కుకుంటారు, ఎక్కేటప్పుడు అరచేతులతో మోకాళ్లను కిందికి నొక్కుకుంటూ కదిలేవాళ్లూ ఉంటారు. గట్టు మీద నిలబడి అరిచే జనం మాత్రం అక్కడే ఎక్కువ, ఎందుకంటే స్థానాలు తారుమారయ్యేది అక్కడే. హోమ్‌డెల్‌లో ఈ పని "బౌల్" అనే పెద్ద పల్లం చేస్తుంది. దిగి, అడుగున తిరిగి, మళ్లీ ఎక్కాలి. న్యూజెర్సీ పిల్లలకు సీజన్ ముగింపులో జరిగే మీట్ ఆఫ్ చాంపియన్స్ అక్కడే కాబట్టి, మధ్య జెర్సీలో పరుగెత్తే ప్రతి పిల్లకూ ఆ పల్లం గురించి చెప్పడానికి ఒక కథ ఉంటుంది.

మౌంట్ శాక్‌ది ఇంకో తరహా. 1948 నుంచి అక్కడ పోటీలు జరుగుతున్నాయి, దేశంలోనే అతి పెద్ద మీట్‌లలో ఒకటి. పాత బాటలో మొదట చదును మీద చుట్టు తిప్పి, పిల్లలు వేగం మీదున్నప్పుడు స్విచ్‌బ్యాక్స్ అనే మెలికల దారిలోకి ఎక్కిస్తారు. తర్వాత పూప్ అవుట్ హిల్, పొట్టిది, నిటారుది. చివరగా రిజర్వాయర్ హిల్. దక్షిణ కాలిఫోర్నియా ఎండకు ఎండిపోయిన మట్టి, ముందు పోయేవాళ్ల కాళ్ల కింద లేచిన దుమ్ము వెనకవాళ్ల గొంతులోకి. గుట్టలు మూడూ మూడు చోట్ల ఉండటం వల్ల ఊపిరి కూడదీసుకునే లోపే తర్వాతది వచ్చేస్తుంది. ఎక్కుడు ఎంత అన్నదే కాదు, ఎప్పుడు వస్తుందన్నదీ లెక్కలోకి వస్తుంది. మొదటి మైలులో వచ్చే గుట్ట గుంపును చీలుస్తుంది, చివరి అర మైలులో వచ్చే గుట్ట మనుషుల్ని విరుస్తుంది.

వాలు తర్వాత పాదం కింద ఏముందన్నది. గట్టి నేల మీద కాలు మోపినప్పుడు మడమ వెనక నరం లాంటి పెద్ద స్నాయువు సాగి, శక్తిని దాచుకుని, లేచేటప్పుడు తిరిగిస్తుంది. నేల మెత్తనైతే ఆ శక్తిలో వంతు నేలకు పోతుంది, తిరిగి రాదు. దీనికి అతి పెద్ద ఉదాహరణ ఇసుక. బెల్జియంలో లెజూన్ బృందం 1998లో కొలిస్తే, ఇసుకలో పరుగెత్తడానికి గట్టి నేలకన్నా 1.6 రెట్లు శక్తి కావాల్సి వచ్చింది. అటు చివర, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ మెక్‌మాన్, పీటర్ గ్రీన్ 1970ల్లో కాలి కండరాల స్ప్రింగుకు సరిపోయేలా నేల బిగువును లెక్కగట్టి ఇండోర్ ట్రాక్ వేయించారు, దాని మీద రన్నర్ల వేగం 2, 3 శాతం పెరిగింది. క్రాస్ కంట్రీ బాటలన్నీ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటాయి. పొట్టిగా కోసిన గోల్ఫ్ గడ్డి ఒకవైపు, వానకు నానిన పచ్చిక ఇంకోవైపు. నేల మెత్తన కాకపోయినా ఎగుడుదిగుడుగా ఉంటే చాలు, ఖర్చు పెరుగుతుంది. వొలోషినా, ఫెరిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2015లో చూపించింది అదే: రెండున్నర సెంటీమీటర్ల హెచ్చుతగ్గులున్న ఉపరితలం మీద పరుగు ఖర్చు 5 శాతం పెరిగింది. రెండున్నర సెంటీమీటర్లంటే బొటనవేలి వెడల్పు. 15 నిమిషాల పరుగులో 5 శాతమంటే 45 సెకన్లు. మనం పార్కు నేలను చూసి "చదునుగానే ఉందే" అనుకునేది ఆ మాత్రం గతుకుల్నే.

బురద ఏం చేస్తుందో చూడాలంటే పోర్ట్‌లాండ్‌ను తలుచుకోవాలి. 2004లో మొదలైన నైకీ జాతీయ హైస్కూలు పోటీ చాలా ఏళ్లు పోర్ట్‌లాండ్ మెడోస్ అనే గుర్రప్పందేల మైదానంలో జరిగింది. డిసెంబరు వానలు, మధ్యలో కావాలని పోసిన మట్టి దిబ్బలు. కొన్నేళ్లు పిల్లలు గమ్యం చేరేసరికి జెర్సీ రంగు పోల్చుకోవడమే కష్టమయ్యేది. తర్వాత పోటీని గ్లెండోవీర్ గోల్ఫ్ మైదానానికి మార్చారు. మెడోస్‌లో వచ్చిన సమయాన్ని వేరే ఏ చోటి సమయంతోనైనా నేరుగా పోల్చడం ఆ బురదలో పరుగెత్తిన పిల్లలకు అన్యాయం చేయడమే.

మలుపుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, వాటి లెక్క తేలిక. ట్రాక్ మలుపు వ్యాసార్ధం సుమారు 36.5 మీటర్లు. 15 నిమిషాల కుర్రాడి వేగంలో అక్కడ పక్కకు కావాల్సిన పట్టు ఒంటి బరువులో పన్నెండో వంతు. పార్కులో చెట్టు చుట్టూ 6 మీటర్ల వ్యాసార్ధంతో తిప్పితే అది సగం ఒంటి బరువవుతుంది. తడి గడ్డి మీద అంత పట్టు స్పైకులకైనా, అంటే అడుగున మేకులుండే బూట్లకైనా, దొరకడం కష్టం. కాబట్టి నెమ్మదించాలి, మళ్లీ అందుకోవాలి. అలాంటివి పది ఉంటే, చదును బాట కూడా చదునుగా ఉండదు. ఇక ఎండ, చలి, గాలి అందరికీ తెలిసినవే. సముద్ర మట్టానికి 1,800 మీటర్లు దాటిన కొలరాడో స్ప్రింగ్స్ లాంటి ఊళ్లో గాలి ఒత్తిడే ఐదో వంతు తక్కువ, అక్కడ వాలు లేకపోయినా ఊపిరి అందదు.

ఇవన్నీ తిరగేస్తే వేగవంతమైన బాట ఎలా ఉంటుందో తెలుస్తుంది. మిషిగన్ రాష్ట్ర పోటీ కార్ల పందేలు జరిగే మిషిగన్ ఇంటర్నేషనల్ స్పీడ్‌వే ఆవరణలో జరుగుతుంది. విశాలమైన చోటు, మెలికలు తక్కువ, గుట్టలు నామమాత్రం. 2000లో అక్కడ డేథన్ రిట్జెన్‌హైన్ 5 కిలోమీటర్లను 14 నిమిషాల 10.4 సెకన్లలో పరుగెత్తాడు. తర్వాత మూడు ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున దిగినవాడు. ఆ అంకె రెండు దశాబ్దాలు హైస్కూలు పిల్లల కలల్లో ఉండిపోయింది. 2021 డిసెంబరులో అలబామాలోని హంట్స్‌విల్‌లో, పొట్టి గడ్డి పరిచిన చదునైన బాట మీద, కాలిఫోర్నియా న్యూబరీ పార్క్ హైస్కూలుకు చెందిన కోలిన్ సాల్‌మన్ 14:03.29లో వచ్చాడు. అతని వెనకే అదే జట్టు కవల సోదరులు లియో యంగ్, లెక్స్ యంగ్. ముగ్గురూ పాత 14:10 లోపే. ఆ ఏడాది పోర్ట్‌లాండ్ జాతీయ పోటీ రద్దవడంతో దేశంలోని గట్టి రన్నర్లు చాలామంది అక్కడే పోగయ్యారు, కాళ్లకు కొత్త తరం నురుగు అడుగుల స్పైకులున్నాయి, ముందు పరుగెత్తేవాడి వెనక గాలి చాటు దొరికింది.

మరి సాల్‌మన్ గొప్పా, రిట్జెన్‌హైన్ గొప్పా? ఏడు సెకన్ల తేడా చూపించి తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను. వాళ్లిద్దరూ వేర్వేరు నేలల మీద, వేర్వేరు బూట్లతో, 21 ఏళ్ల తేడాతో పరుగెత్తారు. క్రాస్ కంట్రీకి ప్రపంచ రికార్డులే లేకపోవడం వెనక ఉన్న తెలివి ఇదే.

అయితే పోల్చడం అసాధ్యమని చేతులెత్తేయనక్కర్లేదు. వాలు, గడ్డి, మలుపు, బురద, ఒక్కోదాని లెక్కా విడిగా వేసి కూడితే తప్పులు పేరుకుపోతాయి. అంతకన్నా మంచి దారి ఒకటుంది. వెనకటి రోజుల్లో ఈ ఊరి మానికా ఆ ఊరి మానికా సమానమో కాదో తేల్చాలంటే, ఒకే గింజల్ని రెండింటిలోనూ పోసి చూసేవారు. ఇక్కడ గింజలు పిల్లలే. రెండు బాటల మీదా పరుగెత్తిన పిల్లలందరి సమయాలూ తీసుకోవాలి, ఒక్కొక్కరికీ ఒకదాన్ని ఇంకోదానితో భాగించాలి. ఒక కుర్రాడు చదును బాటలో 16:00, గుట్టల బాటలో 16:48 అయితే నిష్పత్తి 1.05. ఇంకొకడు 20:00, 21:00 అయితే అతనికీ 1.05. తేడాలు చూస్తే 48 సెకన్లు, 60 సెకన్లు, పొంతన లేదు. నిష్పత్తి చూస్తే ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. అందుకే తీసివేత కన్నా భాగహారం మేలు. ఇలా వందమంది నిష్పత్తుల్ని వరసలో పేర్చి మధ్యలోది తీసుకుంటే, జ్వరంతో పరుగెత్తినవాడూ, బూటు ఊడినవాడూ లెక్కను చెడగొట్టలేరు.

విజేత సమయాన్ని మాత్రం దీనికి వాడకూడదు. ముందున్నవాడు గెలుపు ఖాయమయ్యాక తగ్గించుకోవచ్చు, పక్కవాడితో ఎత్తులకు పైయెత్తులు వేస్తూ మొదటి మైలు నింపాదిగా నడిపించవచ్చు. నూరో స్థానంలో వచ్చే పిల్లకు ఆ ఎత్తుగడలుండవు, ఉన్న శక్తినంతా పెడుతుంది. బాట గురించి నిజం చెప్పేది ఆ మధ్య గుంపు. పత్రికలు ఫొటో వేసేది మొదటివాడిది, శాస్త్రానికి పనికొచ్చేది 40 నుంచి 150 దాకా వచ్చినవాళ్లు.

ఈ పద్ధతికీ ఉచ్చులున్నాయి. పిల్లలు సెప్టెంబరు నుంచి నవంబరుకు బలపడతారు. సీజన్ చివర వాడే బాట అందువల్ల ఉన్నదానికన్నా వేగంగా కనిపిస్తుంది, మొదట్లో వాడేది నెమ్మదిగా. సెప్టెంబరు పోటీల్లో కోచ్‌లు "గుంపుగా పరుగెత్తండి, పందెం వద్దు" అని చెప్పి పంపడమూ ఉంది. రాష్ట్ర పోటీకి చేరేది ఆ ఏడాది బాగా ఎదిగిన పిల్లలే కాబట్టి అక్కడ నిష్పత్తి ఇంకాస్త మెరుగ్గా వస్తుంది. దీనికి విరుగుడు, మొదట గుట్టల మీద తర్వాత చదును మీద పరుగెత్తిన జట్లనూ, ఆ వరస తిరగబడ్డ జట్లనూ కలిపి చూడటం. ఎదుగుదల రెండువైపులా కొట్టుకుపోతుంది, బాట మిగులుతుంది. రెండు బాటల మీదా పరుగెత్తినవాళ్లు లేకపోయినా ఫర్వాలేదు. ఒకటీ రెండూ కలిపే పిల్లలు, రెండూ మూడూ కలిపే పిల్లలు ఉంటే గొలుసు కట్టి ఒకటినీ మూడునూ పోల్చవచ్చు. గొలుసు పొడుగైన కొద్దీ తప్పు పెరుగుతుందని మాత్రం మరవకూడదు.

ఇంకా చిక్కు, బాట ఒకటే అయినా రోజు ఒకటి కాదు. పోయిన ఏడాది ఎండకు గట్టిపడ్డ నేల ఈ ఏడాది వానకు నాని ఉంటుంది. ఈ చిక్కును ముందుగా గట్టిగా పట్టించుకున్నది గుర్రప్పందేల వాళ్లు. ఆండ్రూ బేయర్ అనే పత్రికా రచయిత 1975లో వచ్చిన తన పుస్తకంలో, గుర్రం సమయాన్ని ఆ రోజు ఆ ట్రాక్ ఎంత వేగంగా ఉందన్నదాన్ని బట్టి సవరించి ఒక అంకె ఇచ్చే పద్ధతిని జనంలోకి తెచ్చాడు. న్యూయార్క్‌లో బిల్ మెయిలన్ అదే ఆలోచనను హైస్కూలు క్రాస్ కంట్రీకి తెచ్చి, ఒక్కో పోటీని విడిగా తూచి, ప్రతి రన్నర్‌కూ స్పీడ్ రేటింగ్ ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కో పాయింటు 3 సెకన్లతో సమానం. ఆ పోటీలో పరుగెత్తిన పిల్లలు అంతకుముందు ఏం చేశారో చూసి, వాళ్ల ద్వారా ఆ రోజు నేలను అంచనా కట్టి, ఆ నేల ద్వారా తిరిగి పిల్లల్ని అంచనా కడతారు. చుట్టూ తిరుగుతున్నట్టుంది కదా, కానీ మంది ఎక్కువైతే లెక్క స్థిరపడుతుంది. రన్నర్ సత్తా, బాట బరువు, ఆ రోజు తీరు అనే మూడు ముక్కల్ని విడదీయడానికి గణాంక శాస్త్రంలో చేసేదీ ఇదే పని.

ఈ లెక్కలు ఎందుకంటారా? చదును బాటలో వచ్చిన అంకె జాబితాల్లో పైకి పోతుంది, గుట్టల బాటలో అంతకన్నా గట్టి పరుగు కిందెక్కడో ఉండిపోతుంది. పిల్లలు అంకెల వెంట పడుతున్నకొద్దీ కోచ్‌లకు వేగవంతమైన మీట్‌లకు జట్టును తీసుకెళ్లాలనే ఒత్తిడి పెరుగుతుంది. హెరిఫర్డ్ డిప్‌లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు తగ్గితే ఆ బాటలు మాసిపోతాయి. అవి మాసిపోకూడదని నా గట్టి కోరిక. సరైన లెక్క ఉంటే ఆ గుట్ట మీద 16:40కి వచ్చిన పిల్లవాడు, చదును మీద 15:50 తెచ్చుకున్నవాడితో సమానమని ఎవరికైనా చూపించవచ్చు.

పోల్చాక మిగిలే తేడాల్లో కూడా సమాచారం ఉంది. మధ్యస్థ నిష్పత్తి 1.05 అయినా, ఒక పిల్లకు ఏటా 1.03 వస్తుంది, ఇంకో పిల్లకు ఏటా 1.07. ఒక్కసారైతే యాదృచ్ఛికం, పదే పదే వస్తే స్వభావం. మొదటి పిల్ల తేలిగ్గా ఉంటుంది, చిన్న చిన్న అడుగులు వేస్తుంది, దిగేటప్పుడు భయపడదు. రెండో పిల్ల పొడుగు, అంగలు పెద్దవి, ట్రాక్ మీద 3,200 మీటర్లలో మొదటి పిల్లను ప్రతిసారీ ఓడిస్తుంది. జట్టులో ఆరుగురు ఖాయమై, ఏడో చోటు ఈ ఇద్దరిలో ఎవరికివ్వాలా అని కోచ్ తలపట్టుకున్నాడనుకోండి. ఫలితాల పట్టిక చూస్తే రెండో పిల్ల 12 సెకన్లు ముందుంది, కానీ ఆ సమయాలన్నీ చదును పార్కులవి. రాష్ట్ర పోటీ జరిగేది పల్లాలూ గుట్టలూ ఉన్న చోట. 20 నిమిషాల పరుగులో 1.03కీ 1.07కీ తేడా 48 సెకన్లు. ఆ చోటు మొదటి పిల్లదే.